ఎగిరితేనే హంసా?

సియాటిల్ నుంచి ఉత్తరానికి గంటకు పైగా వెళితే స్కాజిట్ లోయ. ఏటా చలికాలంలో అలాస్కా నుంచి వేల ట్రంపెటర్ హంసలు ఇక్కడికొచ్చి, కోత అయిపోయిన మొక్కజొన్న చేలల్లో మేస్తాయి.

మొన్న జనవరిలో మన తెలుగువాళ్ళం నాలుగు కార్లలో వెళ్ళాం. "మేస్తుంటే ఏం ఫొటో అండీ, ఎగిరితేనే అందం" అన్నారొకాయన. వాళ్ళబ్బాయిని చప్పట్లు కొడుతూ చేలోకి పరిగెత్తమన్నారు. తెల్లటి గుంపంతా ఒక్కసారి లేచింది. కెమెరాలు టకటకలాడాయి.

నేను నోరెత్తలేదు. ఎత్తే మొహం లేదు. పదేళ్ళ క్రితం నేనూ అదే చేశాను. ఆ ఫొటో ఫ్రేము కట్టి మా హాల్లో ఉంది.

ఇప్పుడు చెప్తున్నాను. అది పది కిలోల పక్షి. నేల మీంచి లేవడమే దానికి పెద్ద శ్రమ. వసంతంలో మళ్ళీ అలాస్కా చేరడానికి కూడబెట్టుకుంటున్న బలాన్ని మన సరదా కోసం ఖర్చు పెట్టిస్తున్నాం. వేట దెబ్బకి 1930ల మొదట్లో, అలాస్కా తప్ప మిగతా అమెరికాలో, వీటిలో వంద కూడా మిగిలినట్టు తెలియదు. తుపాకీ పోయి కెమెరా వచ్చిందని సంతోషించాలా?

చేతికి చిక్కిన హంసని నలుడు జాలిపడి వదిలేశాడని పిల్లలకి కథ చెప్తాం. అదే పిల్లాణ్ణి హంసల మీదికి ఉసిగొల్పుతాం!

ఎగిరే ఫొటోనే కావాలా? పొద్దు గూకేదాకా రోడ్డు మీదే ఆగండి. రాత్రికి నీళ్ళలోకి చేరడానికి అవే లేస్తాయి. అంతసేపు చలిలో నిలబడలేమంటే, ఆ ఫొటో మనది కాదు.

మా హాల్లో ఫ్రేము తీసేశాను. గోడ ఖాళీగానే ఉంది.