చుక్కల మీద దిద్దితే సరిపోతుందా?



ఒకటో తరగతి చేరికలప్పుడు ఈమధ్య చాలామంది అమ్మానాన్నలు ఒకే మాట అడుగుతున్నారు: "సార్, చుక్కల అక్షరాల పుస్తకం కొన్నాం, ఫోన్లో దిద్దే ఆట కూడా పెట్టాం. ఇంకేం చేయాలి?" మంచి ప్రశ్న. జవాబు చెప్పే ముందు మన పిల్లల పరిస్థితి ఒకసారి చూడండి.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. మాట్లాడేవాళ్లు ఇంతమంది ఉన్నా, చదవడం రాయడం వచ్చినవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో మీకే తెలుసు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి వెళ్లి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా మైనారిటీ పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఒక ఏడాది మినహాయింపు ఇచ్చింది. అప్పట్లో అది పెద్ద పిల్లలకు ఊరట. చిన్నపిల్లలకు మాత్రం తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు లిపులూ ఇంచుమించు ఒకేసారి వచ్చి పడుతున్నాయి.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు వీలైనచోటల్లా ఇంటిభాషలోనే బోధన ఉండాలంది. కానీ పిల్లలు చేరితేనే కదా తరగతి నిలబడేది? పిల్లల సంఖ్య తగ్గితే తెలుగు టీచరు పోస్టుకే ఎసరు వస్తుంది. తెలుగు అక్షరాలు కష్టమని భయపడి ఒకటో తరగతిలోనే వేరే మీడియానికి మారిన బిడ్డ మళ్లీ వెనక్కి రావడం అరుదు. అందుకే ఈ దిద్దే పని మీకు చిన్నదిగా కనిపించినా చిన్నది కాదు.

ఇక అసలు సంగతి. దిద్దడం మంచిదే. మన పెద్దలు ఇసుకలోనూ బియ్యంలోనూ వేలు పట్టి ఓనమాలు దిద్దించారు. వేలికి ఆ గరుకు తగులుతుంది, అక్షరం పెద్దదిగా వస్తుంది, పక్కన మనిషి ఉండి పలికిస్తాడు. ఫోన్ అద్దం నున్నగా ఉంటుంది. వేలు ఎటు జారినా చప్పట్లు కొట్టే ఆటలూ ఉన్నాయి. చుక్కల పుస్తకంలో అయితే పిల్లవాడు ఎక్కడినుంచైనా మొదలుపెట్టి గీతలు కలిపేస్తాడు. పేజీ నిండుతుంది, అక్షరం మాత్రం రాదు. "ఇదేమిటి నాన్నా?" అని అడిగితే మౌనం.

కాబట్టి ఇంట్లో ఇలా చేయండి. ముందు శబ్దం, తర్వాత ఆకారం. "అమ్మ" అనే మాటలో మొదట ఏం వినిపించిందో అడిగి, అప్పుడు అ చూపించండి. పళ్లెంలో బియ్యం పోసి వేలితో పెద్దగా రాయించండి, రాస్తూ పలకమనండి. ఆ తర్వాత పలక, బలపం. చుక్కలు చివర్న, అదీ రెండు మూడుసార్లే. నాలుగోసారి చుక్కలు లేకుండా రాయాలి. అక్షరం ఒళ్లు ముందు రాసి, తలకట్టు తర్వాత పెట్టించండి. రోజుకు పది నిమిషాలు చాలు.

అచ్చులు వరుసలోనే నేర్పండి. తమిళంలోనూ అ ఆ ఇ ఈ వరుస దాదాపు ఇదే, ఇక్కడ కుదిరితే అక్కడా పనికొస్తుంది. హల్లులకు మాత్రం ఆకారం పోలిన గుంపులు పట్టండి: వ, ప, ష, ఫ ఒక గుంపు; ద, ధ, థ ఒకటి; డ, ఢ ఒకటి. వ బాగా వచ్చాకే ప. మన పిల్లలు తడబడేది ఇంకోచోట ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే గాలిని కాలి అని రాస్తారు. కొట్టకండి, తిట్టకండి. "గాలి, కాలి" రెండూ పలికించి తేడా విననివ్వండి. చెవికి అందితే చేతికి వస్తుంది.

అమ్మానాన్నలకే తెలుగు చదవడం రాకపోతే? సిగ్గుపడాల్సిన పనిలేదు. బిడ్డతో కలిసి మీరూ దిద్దండి. అవ్వాతాతలు ఇంట్లో ఉంటే పలికించే పని వాళ్లకు ఇవ్వండి.

పెద్ద తరగతుల పిల్లలూ, మీకూ ఒక పని. మీ తమ్ముడో చెల్లెలో రాసిన అక్షరాన్ని రోజూ ఒక్కసారి చదివించండి. చదవగలిగితేనే అది వచ్చినట్టు లెక్క.

పలక, బలపం కావాల్సినవాళ్లు బడి ఆఫీసులో అడగండి, ఇస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు