జిల్లా మారితే పరిశోధన మాయం

మరైగూడ ఉన్నచోటే ఉంది. జిల్లాలే మారాయి: 1998 దాకా బస్తర్, తర్వాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా. 2000లో రాష్ట్రమూ మారింది. ఈ ప్రాంత కోయల మీద పరిశోధనలను ఇప్పుడు 'సుక్మా' అని వెతికితే, 'బస్తర్' అని నమోదైన పాత సిద్ధాంత గ్రంథాలు దొరకవు.

శోధ్‌గంగ లాంటి డిజిటల్ భాండాగారాలకు ఆధారమైన డబ్లిన్ కోర్ మెటాడేటా ప్రమాణంలో 15 అంశాలున్నాయి. వాటిలో స్థలానికీ చోటుంది. కానీ ఏ అంశమూ తప్పనిసరి కాదు. స్థలం గడి ఖాళీగా వదిలేసినా నమోదు చెల్లుతుంది.

విశ్వవిద్యాలయాలు ఆ గడిని తప్పనిసరి చేసి, ఊరితో పాటు పాత, కొత్త జిల్లాల పేర్లు రెండూ రాయించాలి. లేకపోతే కోయల గురించి రాసింది కోయ విద్యార్థికే అందదు.