సీసా మీద ‘సహజం’ అని ఉంటే చాలా?



పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు, మెడికల్ షాపు కౌంటర్ మీదికి జ్ఞాపకశక్తి సిరప్‌లు వచ్చేస్తాయి. బ్రాహ్మి, శంఖపుష్పి, ‘నూరు శాతం సహజం’. మేలు చేయకపోయినా కీడైతే చేయదు కదా అని కొనేస్తాం.

బోరు నీళ్లు కూడా సహజమే. అందులోని ఫ్లోరైడ్‌ను ఎవరూ కలపలేదు, రాళ్లలోంచి వచ్చిందే. అది మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పిల్లల ఎముకలను ఏం చేసిందో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పాలా?

ఒకసారి సీసా తిప్పి వెనకవైపు చూడండి. అదే బ్రాహ్మి రెండు దారుల్లో షాపుకు వస్తుంది. ఆహారంగా వస్తే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటుంది. 2016 నిబంధనల ప్రకారం ఆ లేబుల్ మీద ‘మందుగా వాడేందుకు కాదు’ అని ముద్రించాలి, జబ్బు నయం చేస్తుందని చెప్పకూడదు. ఆయుర్వేద మందుగా వస్తే తయారీ లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఫ్యాక్టరీకి షెడ్యూల్-టి నియమాలు వర్తిస్తాయి. రెండు నంబర్లూ లేని డబ్బాను ఎంత దగ్గరి బంధువు తెచ్చి అమ్మినా తీసుకోకండి. (చెయిన్ మార్కెటింగ్ చేసే బావగారు అలిగితే అలగనివ్వండి.)

మరి నంబర్ ఉంటే నిశ్చింతేనా? ఓఆర్‌ఎస్ సంగతి చూడండి. తీపి డ్రింకులు కొన్ని ఆ మూడక్షరాలను బ్రాండ్ పేరులో కలుపుకొని మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. వాటికి లైసెన్స్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, వీటిలో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. విరేచనాలవుతున్న పిల్లలకు అంత చక్కెర పడితే ఒంట్లో నీరు ఇంకా పోతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జులైకల్లా మెత్తబడింది. ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఓఆర్‌ఎస్ కాదు’ అని లేబుల్ మీద రాస్తే చాలంది. ఆ గమనికను ఎంతమంది తల్లులు చదివి ఉంటారు? హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్ 14న ఆ అనుమతి రద్దయింది. అంటే నిబంధన సడలితే డబ్బా మీది మాట మారుతుంది, బిగిస్తే మళ్లీ మారుతుంది. లోపలి సరుకును మాత్రం మన పిల్లలు తాగుతూనే ఉంటారు.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. ఎగుమతి చేసే మూలికా ఆయుర్వేద మందులకు సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2005లో ఉత్తర్వు ఇచ్చింది. 2006 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. విదేశీయుల కోసం చేసే ఆ పరీక్షే పాలమూరులో అమ్మే ప్రతి బ్యాచ్‌కూ చేయాలి, ఫలితాన్ని సీసా మీదే అచ్చువేయాలి. సిరప్ ధర పది రూపాయలు పెరిగితే పెరగనీయండి.

అప్పటిదాకా, కొన్న ప్రతి డబ్బాకూ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే ఫిర్యాదుకు వెళ్లినప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించడానికి మీ చేతిలో ఖాళీ సీసా తప్ప ఏమీ ఉండదు.