మోత ఆగితే చాలా?

మా పికప్ బండిలో సీటుబెల్టు బకిల్ సరిగ్గా పట్టేది కాదు, కాస్త గట్టిగా లాగితే ఊడొచ్చేది. "డమ్మీ క్లిప్పు దోపేయండి వదినా, మోత ఆగిపోతుంది" అన్నాడు మా మరిది. మోత ఆగితే చాలట! మనిషి ఎగిరి అద్దానికి గుద్దుకున్నా ఫర్వాలేదా? ఆ క్లిప్పుల్ని ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశాలిచ్చింది.

మా బండిలో బకిల్‌ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. బ్యాటరీ వైరు విప్పి, అదే మోడల్‌ది కొత్త బకిల్ పెట్టి, టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాను. (పాతసామాన్ల కొట్టు సరుకు వద్దు, ఏ యాక్సిడెంట్ బండిదో!) లోపల పేలే మందుండే ప్రిటెన్షనర్ రకమైతే మాత్రం షెడ్డుకే తీసుకెళ్ళాలి.

"ఆడవాళ్ళకి స్పానర్లెందుకు" అట. గ్యాస్ బండకి రెగ్యులేటర్ బిగించేది ఎవరు మరి?