తేదీకి నెల కలిపితే

తేదీల కూడిక పైకి చిన్న లెక్కే. 2023 జనవరి 31కి ఒక నెల కలపమని పీ.హెచ్.పి.ని అడిగితే మార్చి 3 అంటుంది. ఫిబ్రవరికి 31వ తేదీ లేదు గనుక, మిగిలిన మూడు రోజులను మార్చిలోకి నెట్టివేస్తుంది. జావాస్క్రిప్టుదీ ఇదే దారి. అదే ప్రశ్నకు మైఎస్‌క్యూఎల్ ఫిబ్రవరి 28 అంటుంది. రూబీ కూడా అంతే. పోనీ, ఆ 28 నుండి మరల ఒక నెల తీసివేస్తే బయలుదేరిన చోటికి వస్తామా? రాము. జనవరి 28కి చేరుతాము. కలిపినదాన్ని తీసివేస్తే మొదటి సంఖ్యే రావాలని బడిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ చెల్లదు.

వీటిలో తప్పు ఏది? నా దృష్టిలో ఏదీ కాదు. వారమంటే ఏడు రోజులని ఎవరైనా ఒప్పుకుంటారు. నెల అంటే ఎన్ని రోజులో ముందుగా ఒక ఒప్పందం కుదరాలి. పైథాన్‌లోని టైమ్‌డెల్టా రోజులను, వారాలను స్వీకరిస్తుంది గాని నెలలను స్వీకరించదు. ఆ నిరాకరణలో వివేకం ఉన్నది. మిగిలిన భాషలు మనల్ని అడగకుండానే మన తరఫున ఒప్పందం కుదుర్చుకుంటున్నాయి.

పంచాంగం ఎరిగిన మనకు ఇది వింత కారాదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆ యేడు శ్రావణమంటే ఏ శ్రావణమని అడగకుండా ఎవరూ ముహూర్తం పెట్టుకోలేదు. ఆ ప్రశ్ననే మనం ప్రోగ్రాము రాసేటప్పుడు మరచిపోతున్నాము.

మరచిపోతే నష్టమెక్కడో చెబుతాను. మెదక్ జిల్లా కౌడిపల్లి ఒకనాడు నిజాం ఏలుబడిలోని ప్రాంతం. ఆ కాలపు భూమి కాగితాల మీద కనబడేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని నోటిలెక్క. స్క్రిప్టులో ఒక్క వరుస చాలు. కాని హైదరాబాదు సంస్థానంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలివారంలో, ఆజూరు మాసంతో మొదలయ్యేది. అందువలన డిసెంబరు చివరిదాకా 590 కలపాలి. జనవరి నుండి ఆ ఫసలీ ముగిసేదాకా 591 కలపాలి.

జాగీర్ల రద్దు శాసనమే దీనికి సాక్ష్యం. దాని పేరులో ఉన్నది 1358 ఫసలీ. అది వచ్చినది 1949 ఆగస్టు 15న. నోటిలెక్క వేస్తే 1948 వస్తుంది. 1948 ఆగస్టులో హైదరాబాదు ఇంకా నిజాం చేతిలోనే ఉన్నది. పోలీసు చర్య జరిగినది ఆ సెప్టెంబరులో. ఒక్క అంకె తేడాతో జాగీర్లను రద్దు చేసిన ప్రభుత్వమే మారిపోతుంది!

చిక్కు ఇంతటితో తీరలేదు. మద్రాసు రాష్ట్రంలో ఉండిన తెలుగు జిల్లాలలో ఫసలీ జులై 1న మొదలయ్యేది. అదే ఆగస్టు 15 అక్కడి లెక్కలో 1359 ఫసలీ. ఒకే రోజు, ఒకే పేరుగల శకం, రెండు సంవత్సరాలు. కౌడిపల్లి కాగితానికి గుంటూరు సూత్రం పనికిరాదు.

భూవివాదాలలో స్వాధీనం ఎన్నేళ్ళదన్నది ప్రాణప్రశ్న. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రైవేటు భూమి స్వాధీనం కోసం వేసే దావాకు పన్నెండేళ్ళ గడువు పెట్టింది. గడువు అంచున ఒక యేడు అటో ఇటో అయితే భూమి పోవచ్చును. అందుకే ఆ చట్టం, తన లెక్కలకు గ్రెగోరియన్ కేలెండరే ప్రమాణమని 24వ సెక్షన్‌లో స్పష్టంగా రాసుకున్నది. మన ప్రోగ్రాములు ఆ మాత్రం కూడా చెప్పవు.

ఇంత చాదస్తమెందుకు, ఉన్న ఫంక్షను వాడుకుంటే పోలేదా అనవచ్చును. ఈఎంఐ గుర్తుచేసే ప్రోగ్రాముకైతే సరే, దాని తప్పు మరునాడే బయటపడుతుంది. పాత కాగితాలను కంప్యూటరుకెక్కించేటప్పుడు జరిగిన తప్పు కనబడేది మనుమల కాలానికి. అప్పటికి కాగితం మిగిలి ఉంటుందన్న భరోసా లేదు.

కనుక మనలో ప్రోగ్రాములు రాసే మిత్రులకు నా విన్నపం మూడు మాటలు. కాగితంలోని తేదీని ఉన్నది ఉన్నట్టుగా ఒక గడిలో భద్రపరచండి. అది ఏ ప్రాంతపు, ఏ శకపు తేదీయో పక్కగడిలో రాయండి. మార్చిన తేదీని మూడవ గడిలో వేయండి. కాగితంలో నెల లేకపోతే 1948-49 అని రెండేళ్ళూ చూపండి. అంతేగాని, గడి ఖాళీగా ఉండకూడదని జనవరి 1 అని నింపవద్దు. ఆ తేదీని ఏ పట్వారీ రాయలేదు.