పాళెగాడును, తుపాకి హక్కును

మన ప్రాంతమున తుపాకి లైసెన్సుల ప్రస్తావన వచ్చినప్పుడు, "మాది పాళెగాండ్ర వంశము, ఆయుధము మాకు తాతలనాటి హక్కు" అనువారు కలరు. "పాళెగాండ్రనగా దోపిడికాండ్రు గారా?" అని యెదురాడువారును కలరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల బాలబాలికలకు ఈ రెండు మాటలును క్రొత్తవి కావు. ఇరుపక్షములును ఒక్క పదమునే సాక్షిగా పిలుచుచున్నవి గాని, ఆ పదము మొదట నేమి చెప్పినదో విచారించువారు అరుదు. పదముల యర్థమును విచారించుట ఉపాధ్యాయుని పనియే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

పాళెమనగా దండు విడిసిన చోటు. పాళెగాడు దాని పెద్ద. విజయనగర ప్రభువులు నాయకులకు భూమిని అమరముగా నిచ్చి, దానికి బదులుగా సేనను పోషింపవలెనని కట్టడి చేసిరి. జమ్మలమడుగు చెంతనున్న గండికోటను పాలించిన పెమ్మసానివారు అట్టి నాయకులే. తరువాతి కాలమున పాళెగాండ్రకు గ్రామముల కావలియు దక్కెను. దొంగతనము జరిగినచో సొమ్ము వెదకి తెచ్చుట, లేనిచో నష్టమును తామే యిచ్చుకొనుట కావలివాని బాధ్యత. అందుకై రైతులు రుసుము చెల్లించుచుండిరి. ఆ రుసుమును బలిమితో పిండినవారును గలరు, దాచనేల? అయినను ఆనాటి యాయుధము వంశమునకు గాక పనికి అంటియుండెనని గ్రహింపవలెను.

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. 1807 వరకు ఇచట ముఖ్య కలెక్టరుగా నుండిన తామస్ మన్రో సుమారు 80 మంది పాళెగాండ్రను సైన్యసహాయముతో అణచి, పలువురకు భరణము లేర్పరచెను. కావలి పోయెను, దానితోడనే ఆయుధమును పోయెను. కంపెనీ కాగితములలో పాళెగాడను మాటకు అల్లరిమూక నాయకుడను వాసన పట్టెను. "దోపిడికాండ్రు" అనువారు తమకు తెలియకయే ఆ కాగితముల యర్థమును పలుకుచున్నారు. "తాతల హక్కు" అనువారో, పనిని విడిచి పనిముట్టును మాత్రము అడుగుచున్నారు. ఈ రెండింటిలో రెండవదియే ఎక్కువ హానికరమని నా యభిప్రాయము. కక్షలతో కుములు పల్లెలలో దాని ఫలమేమో తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఇట్టి వాదము అమెరికాలోను పెద్దది. 1791లో అమలునకు వచ్చిన వారి రాజ్యాంగపు రెండవ సవరణలో సుశిక్షితమైన ప్రజాసేనయు, ఆయుధములు వహించు జనుల హక్కును ఒకే వాక్యమున నున్నవి. 2008లో హెల్లర్ వ్యాజ్యమున వారి సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురుగా చీలెను. ఆ హక్కు సేనతో పనిలేక వ్యక్తికి చెందునని స్కాలియా తీర్పు వ్రాయగా, అది సేనాసంబంధమైనదని స్టీవెన్సు భిన్నాభిప్రాయము వ్రాసెను. ఇరువురును పదునెనిమిదవ శతాబ్దపు వ్రాతలనే త్రవ్విరి. తరువాత పండితులు ఆనాటి గ్రంథములను, పత్రికలను వేలకొలది వెదకగా, "ఆయుధములు వహించుట" యను ప్రయోగము అధికముగా సైనికసందర్భములందే కానవచ్చెను. అయినను ఆనాటి ప్రజాసేన యనగా ఊరిలోని దృఢకాయులగు తెల్లమగవారందరును గనుక, మొదటి పక్షమునకు ఆధారమే లేదనుట న్యాయము కాదు. ఒక్క గుండు ప్రేల్చి మరల మందు దట్టించుకొనవలసిన తుపాకిని చూచి వ్రాసిన మాట నేటి తుపాకికి ఎంతవరకు పట్టునో ఏ నిఘంటువు చెప్పగలదు?

మన దేశమున లిట్టన్ ప్రభువు కాలమున, 1878లో, ఆయుధముల చట్టము వచ్చెను. దానిపై రోషముతోనే 1931లో కరాచీ కాంగ్రెసు తన తీర్మానమున, నిబంధనలకు లోబడి, ఆయుధధారణను పౌరుని హక్కుగా చేర్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యందు కామతుగారు దానిని ప్రాథమికహక్కు చేయ గోరగా, అంబేద్కరు గారు మనము పట్టుపట్టవలసినది హక్కును గూర్చి కాదు, ఆయుధము పట్టవలసిన విధిని గూర్చి యని బదులు పలికిరి. కావలి కాలపు పాత యర్థమే ఆ సమాధానమున నాకు వినబడుచున్నది. రాజ్యాంగమున నిలిచినది ఆయుధములు లేకుండ శాంతముగా గూడు హక్కు మాత్రమే.

ఇక ఆయుధమను మాటనే చూడుడు. దసరాకు మన పొరుగువారు ఆయుధపూజ చేయునప్పుడు కమ్మరి సుత్తెకు, రైతు మడకకు, ప్రొద్దుటూరి నేతగాడు మగ్గమునకు బొట్టు పెట్టును. పని జరుగు సాధనమే ఆయుధమని ఆ పండుగ భావము. తుపాకి యను పేరు మాత్రము తురకీ భాషనుండి ఆ వస్తువుతో కూడ వచ్చినదే. 1959 నాటి చట్టము సేద్యమునకో ఇంటిపనికో మాత్రమే చేసిన వస్తువులను ఆయుధముల లెక్కనుండి తీసివేసినది. పంటకాపుదలకు మూతినుండి మందు దట్టించు తుపాకి కోరువానిని అదే చట్టము వేరుగా పేర్కొనినది. పులివెందుల చేనిలో వేరుసెనగకు కావలియుండు రైతునకు అట్లు చెప్పుకొన ఒక పని కలదు. పెండ్లి యూరేగింపున తుపాకి భుజమున వేసికొని నడువగోరువాడు ఏమని వ్రాయును? లైసెన్సు దరఖాస్తులో అది యెందుకు కావలెనో తెలుపవలసిన గడి యొకటి యున్నది.