సంఘమా? జామీనుపత్రమా?



'గ్రూప్ వర్క్' అన్న మాటకు తెలుగు చెప్పమని ఒక మిత్రుడు అడిగినప్పుడు కొంతసేపు తడబడ్డాను. 'గుంపు పని' అంటే నవ్వు వస్తుంది. పాఠ్యపుస్తకాలవారి 'సమూహ కార్యం' నాలుక తిరగని మాట. ఆలోచించగా, మా నంద్యాల పల్లెల్లో ప్రతి ఆడకూతురూ రోజూ పలికే మాట ఒకటుందని తోచింది. అది 'సంఘం'. కానీ ఆ మాటకు మనం పట్టించిన గతి ఏమిటో తలచుకుంటే దానిని వాడడానికి మనసొప్పలేదు. ఈ టపా ఆ వ్యథలోంచి పుట్టినది.

ముందుగా ఆ శాస్త్రం సంగతి. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరపు విశ్వవిద్యాలయంలో గ్రేస్ కాయిల్ అనే విదుషి ఈ సమూహ కార్యాన్ని పాఠంగా బోధించింది. 1955లో ఆ రంగపు వృత్తిసంఘం పెద్ద సామాజిక కార్యకర్తల సంఘంలో విలీనమైంది. క్రమేణా కళాశాలల్లో ఆ పాఠం సన్నగిల్లింది. ఈ విద్య అంతరించిపోతుందేమోనన్న ఆందోళనతో కొందరు అధ్యాపకులు 1979లో అదే క్లీవ్‌లాండ్‌లో, కాయిల్ స్మృతికి అంకితంగా, ఒక సదస్సు జరిపారు. నేడు సమూహాలతో సామాజిక కార్యానికి అంతర్జాతీయ సంఘంగా ఉన్న సంస్థ అలా రూపు దిద్దుకున్నది. ఏటేటా సదస్సులు జరపడం, బోధకులనూ క్షేత్రంలో పనిచేసేవారినీ ఒకచోట కూర్చడం, వృత్తి ప్రమాణాలను రచించడం దాని పనులు. 1999లో అది ఆమోదించిన ప్రమాణాల సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: కార్యకర్త పని సభ్యులకు సాయపడడం మాత్రమే కాదు, సభ్యులు ఒకరికొకరు సాయపడేటట్లు చేయడం. పరస్పర సహాయమే ఆ విద్యకు ప్రాణం.

ఇందులో మనకు కొత్తేమున్నది? ఏమీ లేదు! 1995లో మన శాసనసభ చేసిన చట్టం పేరే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. మన మండల సమాఖ్యలు ఎన్నో ఆ చట్టం కిందనే నమోదైనాయి. పేరులో ఉన్న పరస్పర సహాయం ఆచరణలో ఎక్కడ దాగినదన్నదే నా ప్రశ్న. పొదుపు సంఘాలకు నేర్పే పంచసూత్రాలను చూడండి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తకాలు. అయిదింటిలో నాలుగు డబ్బు చుట్టూ తిరిగేవే. మిగిలిన ఆ ఒక్క సమావేశంలోనైనా ఏం జరుగుతున్నది?

నేను చూసినది చెబుతాను. ఆళ్లగడ్డకు దగ్గరలో ఒక పల్లె. రామాలయం అరుగుమీద పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. సంతకాలైనాయి, కంతులు లెక్కపెట్టారు, తీర్మానం రాశారు, లేచారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. రాని ఒకామె పేరిట జరిమానా పడింది. తిరుగుదారిలో ఆమె ఇంటి ముందు ఆగి, ఎందుకు రాలేదమ్మా అని అడిగాను. "కంతు లేకుండా యా మొగంతో వచ్చేదన్నా?" అన్నది. భర్త మంచం పట్టి రెండు నెలలైనదట. ఆ సంగతి ఆ పదిమందికీ తెలుసు. కానీ దానిని సంఘంలో మాట్లాడవచ్చునని ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా. కష్టం వచ్చిన రోజున ఏ గుమ్మం తొక్కవలెనో ఆ గుమ్మమే ఆమెకు మూసుకుపోయింది. దీనిని సంఘమందామా, జామీనుపత్రమందామా?

ఇది ఒక్క పల్లె కథ అని కొట్టివేయకండి. 2010ని గుర్తు చేసుకోండి. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు చేసినదేమిటి? ఇదే వలయాన్ని తీసుకుని, ఇరుగుపొరుగును పూచీదారులుగా మార్చి, ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టడం. ఆత్మహత్యల వార్తలు వచ్చిన తరువాత, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నలుగురు కలిసి కూర్చుంటే చాలు, మేలు దానంతటదే జరుగుతుందనుకునేవారికి అదొక గుణపాఠం. సమూహం కత్తివంటిది. పట్టే చేతికి విద్య కావాలి.

"అప్పు లేకుంటే ఆడవాళ్లు వస్తారా స్వామీ?" అని నన్ను ఎగతాళి చేసే పెద్దలున్నారు. వడ్డీవ్యాపారి గడప తొక్కే అగత్యం బ్యాంకు అప్పు వల్ల ఎంతోమందికి తప్పింది. ఆ మేలును నేను కాదనను. కానీ ఈ ప్రశ్నకు జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట ఎప్పుడో చెప్పింది. 1992లో అక్కడి స్త్రీలను కూడగట్టినది అప్పు కాదు, అక్షరం. రాత్రి చదువుకు కూర్చున్నవారు తమ ఇళ్ల సంగతులు చెప్పుకున్నారు. ఒకరి దుఃఖం అందరి కోపమైంది. 1993లో సారా నిషేధం వచ్చింది. రోజుకొక రూపాయి దాచే పొదుపులక్ష్మి ఆ ఊపులోనే ఆ జిల్లాలో అల్లుకున్నది. అనగా ముందు మాట, తరువాత మూట. మనం ఆ వరుసను తిరగవేశాము.

"అమెరికావారి శాస్త్రం మనకెందుకు?" అనేవారికీ నా జవాబు దూబగుంటే. వారు గ్రంథస్థం చేసినదానిని మనవారు గ్రంథం లేకుండానే చేసి చూపారు. అయితే చేసినదానిని మరచిపోకుండా ఉండడానికి శాస్త్రం కావాలి. గార్లాండ్, జోన్స్, కొలొడ్నీ అనే ముగ్గురు 1965లోనే సమూహానికి దశలుంటాయని రాశారు. అందులో రెండవది పెత్తనం కోసం పెనుగులాడే దశ. అది రోగం కాదు, ఎదుగుదల. మన దగ్గర లీడరుతో నలుగురు వాదిస్తే 'గ్రూపు చెడిపోయింది' అంటారు. పాపం, సంఘమిత్రను నిందించి లాభం లేదు. ఆమెకు పద్దులు రాయడం నేర్పారు గానీ, తగవును దాటించడం ఎవరైనా నేర్పారా? ఆమె పనిని కొలిచేది వసూలు శాతంతో. కన్నీటికి కాలమ్ లేదు.

2022 ఏప్రిల్‌లో నంద్యాల కొత్త జిల్లా అయింది. కొత్త కలెక్టరేటు, కొత్త బోర్డులు వచ్చాయి. ఆ కొత్తదనంలో నేను కోరేది స్వల్పం. నెలకొక సమావేశంలో మొదటి అరగంట పుస్తకం తెరవకండి. ఈ నెల ఎవరి ఇంట ఏమైందో అడగండి. కంతు కట్టలేనివారిని ముందుగా పిలిచి కూర్చోబెట్టండి. సంఘమిత్రకు లెక్కలతో పాటు మనుషులను వినే విద్య నేర్పండి. దీనికి నిధులక్కరలేదు, బ్యాంకు మంజూరీ అక్కరలేదు.

నేను పొరబడితే సరిదిద్దండి. కానీ ముందుగా మీ ఊరి సంఘం దగ్గర ఒక్క సాయంత్రం కూర్చుని, ఆ రోజు రానివారి ఇంటికి కూడా వెళ్లి వచ్చి, ఆ తరువాత నాతో వాదించండి.